శుక్లం ఆపరేషన్‌కు ముందు: నాన్న గురించి డాక్టరుకు మీరే చెప్పాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కందుకూరు దగ్గర పల్లెలో పొగాకు సేద్యం చేసే మీ నాన్నకు 68 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడి కంట్లో ఎక్కువ. నెల్లూరులో చూపిస్తే వచ్చే నెల ఆపరేషన్ పెట్టుకుందామన్నారు. షుగరు, బీపీ ఉన్నాయి, గుండెకు స్టెంటు వేశారు, ప్రోస్టేటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. బంధువులేమో ఇంకా ముదరనివ్వండి, చలికాలం రానివ్వండి అంటున్నారు. ఆసుపత్రిలో మూడు రకాల లెన్సులు చెప్పారు, ఏది తీసుకోవాలి? చెన్నై తీసుకెళ్లాలా? బెంగళూరులో మీకు దొరికే సెలవు నాలుగు రోజులే, అది ఎప్పుడు వాడుకోవాలి?

నేను ప్రకాశం, నెల్లూరు జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఆపరేషన్ చేసేది డాక్టరు. కన్ను కొలిచేదీ, చుక్కలు వేసేదీ, టేబుల్ పక్కన నిలబడి "కదలొద్దు పెద్దాయనా" అనేదీ మాలాంటి వాళ్లం. ఆ వైపు నుంచి చూసినవాడిగా చెబుతున్నాను. మీ నాన్న కన్ను చూసిన డాక్టరు మాటే చివరి మాట.

ముందు బంధువుల మాట తేల్చేద్దాం. ముదరాలి అన్నది ఒకప్పుడు నిజమే. పాత పద్ధతిలో కంటిని పెద్దగా కోసి శుక్లాన్ని మొత్తంగా బయటికి తీసేవాళ్లు, ముదిరితేనే అది సులువుగా వచ్చేది. తర్వాత జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలు. ఇప్పుడు ఫేకో అనే పద్ధతిలో రెండున్నర మిల్లీమీటర్ల గాటులోంచి సన్నటి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. ముదిరేకొద్దీ అది గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ ఎక్కువ అల్ట్రాసౌండ్ వాడాలి, ఆ దెబ్బ కంటి ముందున్న పారదర్శకమైన పొరకు, అంటే కార్నియాకు తగులుతుంది. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి చూపు మసకగా ఉందనే వాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది. మరీ పండి తెల్లబడితే కంట్లో ప్రెషరు పెరిగి భరించలేని నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి రావాల్సి రావచ్చు. షుగరున్న మనిషికి ఇంకో చిక్కు ఉంది. శుక్లం అడ్డుగా ఉంటే కంటి వెనక బొమ్మ పడే పొర, అంటే రెటీనా, ఎలా ఉందో డాక్టరుకు కనపడదు.

అలాగని రేపే పరుగెత్తాల్సిన పని లేదు. మీ నాన్న రాత్రిపూట మోపెడ్ మీద వస్తుంటే ఎదురు లైట్లు పగిలినట్టు కనిపిస్తున్నాయా, పేపరు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదువుతున్నారా, మెట్లు దిగేటప్పుడు తడుముకుంటున్నారా? ఉంటే సమయం వచ్చినట్టే. చుక్కల మందులతో శుక్లం కరగదు. నందివర్ధనం పూల రసం, తేనె, ఉల్లి రసం లాంటివి ఎవరైనా చెబితే దండం పెట్టి పంపించేయండి. ఆపరేషన్‌కు ముందు నెలలో కంటికి ఇన్‌ఫెక్షన్ తెచ్చుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

చలికాలం మాటకూ ఇప్పుడు అర్థం లేదు. రోహిణి కార్తెలో కూడా ఆపరేషన్లు బ్రహ్మాండంగా జరుగుతున్నాయి. మీ ఇంట్లో చూసుకోవాల్సింది పొగాకును. జనవరి నుంచి మార్చి దాకా ఆకు కొట్టడం, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టడం, పొయ్యి దగ్గర రాత్రిళ్లు కాపలా. ఆపరేషన్ అయిన మొదటి నెల ఆ పొగలోకి, దుమ్ములోకి ఆయన వెళ్లకూడదు. "నేను పక్కన కూర్చుని చూస్తానంతే" అంటారు, అరగంటలో కట్టె ఎగదోస్తుంటారు. ఆ పని వేరేవాళ్లకు అప్పగించే వీలున్నప్పుడే తేదీ పెట్టుకోండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆపరేషన్ పావుగంట, ఇరవై నిమిషాల పని. ఈ వృత్తిలో నేను చూసిన చిక్కుల్లో చాలా వరకు ఇంటివాళ్లు ముందే ఒక మాట చెప్పి ఉంటే తప్పేవి. డాక్టరు గదిలో మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు. అడిగినవాటికి జవాబు చెప్పి వచ్చేస్తారు. అడగనివి మీరే చెప్పాలి.

మీ ప్రశ్నలో మధ్యలో ఎక్కడో ఒక ముక్కగా రాసిన ప్రోస్టేటు మాత్ర దగ్గర మొదలుపెడతాను. అది చాలా మటుకు టామ్సులోసిన్ అయి ఉంటుంది, లేదా సైలోడోసిన్, ఆల్ఫుజోసిన్. స్ట్రిప్పు వెనక చూడండి. మూత్రాశయం దగ్గర కండరాన్ని వదులు చేయడం దాని పని. కంటిపాపను పెద్దది చేసే కండరం మీద కూడా అదే పని చేస్తుంది. చుక్కలు వేసినా పాప సరిగా తెరుచుకోదు. పాప చుట్టూ ఉండే రంగు పొర, అంటే ఐరిస్, తడిగుడ్డలా ఊగుతూ గాటు వైపు వచ్చి పడుతుంది. ఈ సమస్యను 2005లో అమెరికాలో ఇద్దరు కంటి డాక్టర్లు గుర్తించి రాశారు. అప్పటిదాకా కొంతమంది మగవాళ్లకే ఆపరేషన్ ఎందుకు మొండికేస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు.

సర్జన్‌కు ముందే తెలిస్తే భయం లేదు. కంట్లోకి వేరే మందు ఇస్తారు, పాపను తెరిచి ఉంచే చిన్న కొక్కేలో రింగో సిద్ధంగా పెట్టుకుంటారు. తెలియకపోతే మధ్యలో తెలుసుకోవాల్సి వస్తుంది. లెన్సును నిలబెట్టే వెనక పొర చిరిగే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఇదంతా విని వారం ముందు ఆ మాత్ర మీరే ఆపేస్తే లాభం లేదు. ఎప్పుడో మానేసినవాళ్లలో కూడా ఈ సమస్య కనిపిస్తుంది. పైగా ఆపాక మూత్రం బిగుసుకుపోతే ఆపరేషన్ రోజున అదో రభస. ఆపకండి, చెప్పండి. ఒక సంగతి గమనించండి. మన పెద్దాయనలు కోడలి ముందు, కూతురి ముందు ఈ మాత్ర పేరెత్తరు. "షుగరు, బీపీ, అంతే" అని ముగించేస్తారు. అందుకే నోటితో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.

స్టెంటు మాత్రల దగ్గర పొరపాటు దీనికంటే ప్రమాదం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు పన్ను పీకించుకోవడానికి ఎవరో ఆపారని, మీరూ ఆపేద్దామనుకుంటారు. స్టెంటు ఉన్న మనిషి వాటిని చెప్పాపెట్టకుండా ఆపితే లోపల రక్తం గడ్డకట్టి గుండెకే ముప్పు. ఇప్పటి శుక్లం ఆపరేషన్‌లో రక్తం కారే పని చాలా తక్కువ, అందుకే చాలా కేసుల్లో ఆపకుండానే చేస్తున్నారు. అవసరమైతే కంటి పక్క ఇంజెక్షన్ మాని చుక్కల మత్తుతోనే చేస్తారు. వార్ఫరిన్ వాడేవాళ్లకైతే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ముందు చేసి చూస్తారు. ఆపాలో వద్దో గుండె డాక్టరు చీటీ మీద రాసి ఇవ్వాలి, ఆ చీటీ కంటి డాక్టరు చేతికి అందాలి. మధ్యలో ఎవరి సలహా వద్దు. నాది కూడా.

నాటు మందులు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మోకాళ్ల నొప్పి బిళ్లలు, పేరు లేని పొడులు కూడా ఆ కాగితంలో రాయండి. అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. షుగరు ఎందుకు దిగట్లేదో తెలియక తల పట్టుకునే కేసుల్లో ఒక్కోసారి అదే కారణం. చెప్తే డాక్టరు తిడతారని దాస్తారు. తిట్టనివ్వండి, పోయేదేముంది.

షుగరు సంగతి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించండి. ఎక్కువుంటే తేదీ జరిపినా నిరుత్సాహపడొద్దు. పుండు మానడం, చీము పట్టకుండా ఉండడం, తర్వాత రెటీనా ఉబ్బకుండా ఉండడం అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అయితే తేదీ దగ్గరపడుతోందని పది రోజులు తిండి మాన్పించి, మాత్రలు రెట్టింపు చేసి దించే ప్రయత్నం వద్దు. షుగరు ఒక్కసారిగా పడితే రెటీనా దెబ్బతినవచ్చు, కళ్లు తిరిగి పడిపోనూ వచ్చు. శుక్లం కాక రెటీనా ఎలా ఉందని డాక్టరును సూటిగా అడగండి. మనవాళ్ల భాషలో "నరం బాగుందా అండీ" అంటే చాలు. అవసరమైతే రెటీనా పొరలు చూపించే ఓసీటీ స్కాన్ చేస్తారు, శుక్లం దట్టంగా ఉండి ఏమీ కనపడకపోతే అల్ట్రాసౌండ్‌తో చూసే బి-స్కాన్ చేస్తారు. రెటీనా దెబ్బతిని ఉంటే ఎంత మంచి లెన్సు పెట్టినా పూర్తి చూపు రాదు. ఆ సంగతి ముందే తెలిస్తే తర్వాత డాక్టరు మీద అపనింద ఉండదు, ఇంట్లో గొడవా ఉండదు.

ఒంట్లో ఎక్కడైనా చీము ఉందేమో చూడండి. పుచ్చు పన్ను, కాలి పుండు, సెగగడ్డ, మూత్రంలో మంట, రెప్ప మీద కురుపు, రెప్పల అంచున పొట్టు. వీటిలో ఏది ఉన్నా ముందు అది తగ్గాలి. కన్ను ఊరికే నీరు కారుతుంటే తప్పకుండా చెప్పండి. కంటి మూలలో చిన్న రంధ్రం ఉంటుంది, కన్నీరు అందులోంచి ముక్కులోకి దిగుతుంది. మొండి సూదితో అందులోకి కాస్త సెలైన్ పంపిస్తాం. దారి బాగుంటే "గొంతులోకి ఉప్పగా వచ్చింది" అంటారు. నొప్పి పెద్దగా ఉండదు కానీ సూది చూసి బెదురుతారు కాబట్టి మీ నాన్నకు ముందే చెప్పి పెట్టండి. నీళ్లు తిరిగి పైకే వచ్చి, వాటితో చీము కూడా వస్తే శుక్లం ఆపరేషన్ వాయిదా. ముందు ఆ కన్నీటి సంచికి వైద్యం చేయాలి. ఆ చీముతోనే కన్ను కోస్తే కన్నే పోతుంది. వాయిదా వేశారని విసుక్కోకండి, ఆ డాక్టరు మంచివాడని అర్థం.

దగ్గు. పొగాకు రైతులు చాలామందికి, చుట్ట తాగేవాళ్లకైతే మరీ, తెల్లవారుజామున దగ్గుంటుంది. టేబుల్ మీద కన్ను తెరిచి ఉన్నప్పుడు ఒక్క గట్టి దగ్గు వస్తే చాలు, సర్జన్ గుండె ఆగినంత పనవుతుంది. ముందే దగ్గుకు మందు వాడించండి. చుట్ట ఉంటే ఇప్పుడే మానిపించండి. పొగ తాగడం శుక్లం త్వరగా రావడానికి కారణాల్లో ఒకటి కూడా. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందా అన్నది కూడా చెప్పండి.

ఇంట్లో ఒక చిన్న సాధన చేయించండి. తలకింద దిండు లేకుండా మంచం మీద పడుకోబెట్టి, ముఖం మీద పలచటి తువ్వాలు కప్పి, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండమనండి. థియేటర్లో ముఖమంతా గుడ్డ కప్పి ఒక్క కన్ను మాత్రమే తెరిచి ఉంచుతారు. ఊపిరాడట్లేదని చాలామంది ఆ గుడ్డ కిందే భయపడతారు. గాలి బాగానే వస్తుంది, కానీ అలవాటు లేక గాబరా. ఇంట్లో రెండు మూడుసార్లు చేస్తే అది పోతుంది. కంటి ఎదురుగా పెద్ద వెలుతురు తప్ప కత్తీ సూదీ ఏవీ కనపడవని చెప్పండి. నీళ్లు చల్లగా తగులుతాయి, మిషను శబ్దం వినిపిస్తుంది, అంతే. దగ్గు వచ్చేట్టున్నా, కదలాలనిపించినా ముందు నోటితో చెప్పమనండి, చెయ్యి మాత్రం ఎత్తొద్దనండి. చెవుడుంటే సిబ్బందికి ముందే చెప్పండి. లోపలికి వెళ్లే ముందు మూత్రానికి తప్పకుండా వెళ్లి రావాలి, ఆ ప్రోస్టేటు ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కొలతల రోజును మామూలు రోజుగా తీసుకోకండి. లోపల పెట్టే లెన్సు పవరు ఎంతో రెండు కొలతలే చెబుతాయి: కంటి పొడవు కొలిచే ‘ఎ-స్కాన్’, కార్నియా వంపు కొలిచే కెరటోమెట్రీ. కంటి పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పవరు దాదాపు రెండున్నర, మూడు పాయింట్లు తప్పుతుంది. అప్పుడు ఆపరేషన్ ఎంత అందంగా జరిగినా ఆయనకు మళ్లీ లావు కళ్లద్దాలే. కంటికి ఆనించి కొలిచే మిషనులో చెయ్యి కాస్త గట్టిగా నొక్కినా కన్ను పొట్టిగా చూపిస్తుంది. ఆనించకుండా వెలుతురుతో కొలిచే ఆప్టికల్ మిషను ఉన్నచోట ఆ బాధ లేదు, కానీ శుక్లం మరీ దట్టంగా ఉంటే దాని వెలుతురు లోపలికి పోదు. ముదరనివ్వొద్దని నేననడానికి ఇదో కారణం. ఆ రోజు ఆయన నిద్ర చాలక ఎర్రటి కళ్లతో వస్తే, కన్ను ఎండిపోయి ఉంటే, కొలత సరిగా రాదు. బ్యారన్ కాపలా రాత్రి తర్వాత నేరుగా తీసుకురాకండి. పాప పెద్దదయ్యే చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, మోపెడ్ మీద ఒక్కరే రానివ్వకండి.

లెన్సుల సంగతి. మూడు ప్యాకేజీలు చెప్పారన్నారు. సాధారణంగా అవి దూరం చూపు ఒక్కటే ఇచ్చే మోనోఫోకల్, సిలిండర్ పవరు (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చేది) సరిచేసే టోరిక్, దూరం దగ్గర రెండూ ఇచ్చే మల్టీఫోకల్. ఇప్పుడు దాదాపు అన్నీ మడిచి పెట్టేవే. ఖరీదైనది పెడితే చూపు ఎక్కువ వస్తుందన్నది కౌంటరు దగ్గర పుట్టే అపోహ. మల్టీఫోకల్‌లో వెలుతురు పంచుకుపోతుంది, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. షుగరు వల్ల రెటీనాలో మార్పులుంటే అది పెట్టకపోవడమే మేలని చాలామంది డాక్టర్లు చెబుతారు. మీ నాన్న చీకట్లో మోపెడ్ మీద పొలం నుంచి వచ్చే మనిషి, షుగరు ఉంది. నా ఉద్దేశం మోనోఫోకల్ చాలు, సిలిండర్ బాగా ఉంటే టోరిక్. పేపరుకు, ఫోనుకు దగ్గర కళ్లద్దాలు పెట్టుకుంటారు, అందులో నష్టమేముంది?

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆయన రోజులో ఎక్కువ సేపు ఏ దూరంలో చూస్తారు? పొలం, రోడ్డు, టీవీ అయితే దూరానికి పెట్టించుకోవాలి. ఇంట్లోనే కూర్చుని రోజంతా చదివే మనిషైతే దగ్గరికి పెట్టించుకోవడం కూడా ఒక దారే. పదో తరగతి నుంచీ మైనస్ అద్దాలతో, అద్దాలు తీసి దగ్గరగా చదివే అలవాటున్న వాళ్లకు ఈ మాట ముందే చెప్పకపోతే, ఆపరేషన్ తర్వాత "ముందు కనిపించిన అక్షరం ఇప్పుడు కనపడట్లేదు" అని గోలపెడతారు.

ఇండియన్ లెన్సా ఇంపోర్టెడా అని కంగారు పడొద్దు. మదురైలో ఆరోల్యాబ్ 1992 నుంచి తక్కువ ధరకు లెన్సులు తయారుచేస్తోంది, అవి విదేశాలకూ వెళ్తున్నాయి. లెన్సు అనే ఆలోచనే ఒక పైలట్ల కథలోంచి వచ్చింది. యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దం పెంకులు కళ్లలో గుచ్చుకున్న వాళ్లను చూసిన ఇంగ్లండు కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ, ఆ ప్లాస్టిక్‌ను కన్ను తిప్పికొట్టట్లేదని గమనించి 1949లో లండన్‌లో మొదటి లెన్సు పెట్టాడు. పళ్ల డాక్టరు దగ్గర పాచి తీసే అల్ట్రాసౌండ్ పరికరం చూసి 1967లో ఫేకో మొదలుపెట్టినవాడు అమెరికా కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్. మీ నాన్నకు ఇలాంటివి ఇష్టమైతే చెప్పండి, సగం భయం పోతుంది.

డబ్బు దగ్గర రెండే మాటలు. ప్యాకేజీలో లెన్సు, పరీక్షలు, చుక్కల మందులు, తర్వాతి చెకప్‌లు అన్నీ ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. మీ కంపెనీ పాలసీ వాడేట్టయితే ముందే ఫోన్ చేయండి, చాలా పాలసీల్లో ఒక్కో కంటికి ఇంత అని పరిమితి ఉంటుంది, కొన్నింటిలో వెయిటింగ్ పీరియడ్ కూడా. ఖర్చు భారమనుకునే వాళ్ల కోసం ఇదీ రాస్తున్నాను: అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది, ప్రభుత్వాసుపత్రుల్లో లెన్సుతో సహా ఉచితంగా చేస్తారు. నెల్లూరులో, ఒంగోలులో పెద్దాసుపత్రులు ఉన్నాయి. ఊళ్లో కంటి శిబిరం పెడితే అక్కడ పరీక్ష చేయించుకోవడం మంచిదే, ఆపరేషన్ మాత్రం ఆసుపత్రి థియేటర్లోనే.

చెన్నై మాట. నెల్లూరు వాళ్లకు జలుబు చేసినా చెన్నై రైలెక్కే అలవాటుంది. శంకర నేత్రాలయ 1978 నుంచి ఉంది, మంచి పేరుంది, కాదనను. తిరుపతిలో అరవింద్, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి కూడా ఉన్నాయి. కానీ మామూలు శుక్లానికి నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోట పేటలోనే చేయించుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత మర్నాడు, వారానికి, నెలకు చూపించుకోవాలి, అర్ధరాత్రి కన్ను ఎర్రబడితే గంటల్లో వెళ్లగలగాలి. చెన్నైలో చేయించుకుని కందుకూరులో నొప్పితో కూర్చోవడం కంటే దగ్గర డాక్టరు మేలు. ఒకే కన్ను ఉన్నవాళ్లు, రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్లు, ముందు కంటికి పెద్ద గాయం అయినవాళ్లు పెద్ద సెంటరుకు వెళ్లడం న్యాయం. ఎక్కడైనా ప్రోస్టేటు మాత్ర కేసులు చేసిన అనుభవం ఉందా అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు.

ముందు రోజు చేయించాల్సినవి. తలస్నానం, గడ్డం గీయడం ఆ రోజే ముగించాలి, తర్వాత రెండు వారాలదాకా తల మీద నీళ్లు పోయరు. కుంకుడు రసం అయితే నెల దాకా మాటెత్తొద్దు. తలకు నూనె, నుదుట విభూతి, కుంకుమ వద్దు. ముందు గుండీలున్న చొక్కా వేయండి, తల మీంచి లాగే బనీను, టీషర్టు వద్దు. ఆపరేషన్‌కు ముందు వాడమన్న యాంటీబయాటిక్ చుక్కలు టైముకు వేయండి. ఉదయం బీపీ మాత్ర మామూలుగా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. షుగరు మాత్ర, ఇన్సులిన్ సంగతి మాత్రం తప్పకుండా అడిగి రాయించుకోండి. ఏమీ తినకుండా రమ్మన్నచోట మాత్ర వేసి పంపితే వరండాలోనే పడిపోతారు. చాలా చోట్ల కొంచెం టిఫిన్ తిని రమ్మంటారు. లోపలికి తీసుకెళ్లే ముందు నుదుటి మీద స్టిక్కరు వేస్తారు, అది కుడి కన్ను పైనే ఉందా అని మీరు కూడా ఒకసారి చూడండి. సిబ్బంది ఏ కన్ను అని నలుగురు నాలుగుసార్లు అడుగుతారు, "ఎన్నిసార్లు చెప్పాలయ్యా" అని ఆయన చిరాకు పడొద్దు, అది వాళ్ల పద్ధతి.

చుక్కలు వేయడం ఇప్పుడే నేర్చుకోండి, ఇది ఇంటి మనిషి పని. చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్ప కిందికి లాగి, ఆ సంచిలో ఒక్క చుక్క. సీసా మొన రెప్పకు తగలకూడదు. కన్ను మూసి ముక్కు వైపు మూలలో వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచాలి. రెండో మందుకు ఐదు నిమిషాల ఎడం. ఆపరేషన్ కాకముందు డాక్టరును అడిగి కన్ను తడిగా ఉంచే మామూలు చుక్కల మందుతో మీ అమ్మ చేత సాధన చేయించండి, తర్వాత చేతులు వణకవు. తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు నెల, నెలన్నర పాటు తగ్గించుకుంటూ వాడతారు. బాగుందని మధ్యలో ఆపొద్దు. అయిపోయాక మెడికల్ షాపులో మళ్లీ కొని వాడొద్దు, ప్రెషరు పెరుగుతుంది.

పత్యం గురించి అందరూ అడుగుతారు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, చేప వద్దని పదిహేను రోజులు చారన్నంతో పెడతారు. షుగరున్న పెద్దాయనకు అది చెడ్డ పని. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, చేపల పులుసూ పెట్టండి. మలబద్ధకం మాత్రం లేకుండా చూడండి, ముక్కడం కంటికి మంచిది కాదు. బస్తాలు ఎత్తడం, గుడిలో సాష్టాంగం, చెరువు స్నానం, కన్ను నలపడం వద్దు. రాత్రి కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి పడుకోవాలి. టీవీ, ఫోను చూడొచ్చు.

మొదటి వారంలో నొప్పి పెరుగుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, బాగా కనిపించిన చూపు మళ్లీ మసకబారినా తెల్లవారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. ఆర్‌ఎంపీ దగ్గరికి, మెడికల్ షాపుకు కాదు. లోపల ఇన్‌ఫెక్షన్ అయితే గంటలే లెక్క. మెరుపులు మెరిసినట్టు, తెర దిగినట్టు కనిపించినా అంతే. కాస్త గరగర, నీరు కారడం, తెల్లనివి నీలంగా కనిపించడం మాత్రం మామూలే.

డిశ్చార్జి కార్డు మీద లెన్సు స్టిక్కరు అంటిస్తారు, దాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. కొన్నాళ్లకో కొన్నేళ్లకో మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగి వచ్చిందని బెంగపడకండి, లెన్సు వెనక పొర మందమవుతుంది, లేజర్‌తో కొన్ని నిమిషాల్లో తీసేస్తారు. రెండో కన్ను ఎప్పుడన్నది మొదటి కన్ను కుదుటపడ్డాక డాక్టరు చెబుతారు. మధ్యలో రెండు కళ్లకు పొంతన లేక మెట్ల దగ్గర తడబడతారు, ఆ రోజుల్లో మోపెడ్ తాళం దాచేయండి.

మీ నాలుగు రోజులు ఇలా వాడండి. ఒక రోజు కొలతలకు, రెటీనా పరీక్షకు. మందుల కాగితం డాక్టరుకు ఇచ్చేది, లెన్సు తేల్చేది ఆ రోజే కాబట్టి మీరు పక్కన ఉండాల్సింది అప్పుడు. మిగతా మూడూ కలిపి: ఆపరేషన్ ముందు రోజు, ఆ రోజు, మర్నాడు చెకప్. ఆ రాత్రి కందుకూరు వెళ్లకుండా నెల్లూరులోనే ఎవరింట్లోనైనా ఉండండి. వారం తర్వాతి చెకప్‌కు మీ అమ్మ, ఊళ్లో ఎవరైనా తోడుంటే చాలు, కారులోనో ఏసీ బస్సులోనో రానివ్వండి, బండి వెనక మాత్రం వద్దు. కొలతల రిపోర్టు వచ్చాక పేరు కనపడకుండా అంకెలు ఇక్కడ పెట్టండి, సిలిండర్ ఎంతుందో చూసి టోరిక్ గురించి నా అభిప్రాయం చెప్తాను.